నాగాయలంక దగ్గరున్న అమ్మానాన్నల్ని తుపానుకి ముందే కదిలించాలా?

మీరు అడిగింది ఇదీ: అమ్మానాన్నలు నాగాయలంక మండలంలో, సముద్రానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో పెంకుటింట్లో ఉంటున్నారు, మీరు హైదరాబాద్‌లో ఉన్నారు. బంగాళాఖాతంలో తుపాను, మూడు రోజుల్లో తీరం దాటుతుందట. ఒక యాప్ ఒంగోలు దగ్గర చూపిస్తోంది, ఇంకోటి కాకినాడ అంటోంది, టీవీలో మచిలీపట్నం అంటున్నారు. నాన్నగారేమో "పోయిన రెండుసార్లూ ఊరి బడిలోకి పోయి కూర్చున్నాం, ఏమీ రాలేదు, ఈసారి కదిలేది లేదు" అంటున్నారు. ఏ యాప్‌ని నమ్మాలి, ఎప్పటిదాకా ఆగి చూడొచ్చు అని మీ ప్రశ్న.

కదిలించండి. రేపు సాయంత్రం చీకటి పడేలోపు వాళ్ళు అవనిగడ్డ దాటి ఉండాలి, వీలైతే విజయవాడలోనే ఏ బంధువుల ఇంట్లోనో ఉండాలి. ఏ యాప్ గెలుస్తుందో తేలేదాకా ఆగొద్దు. నేను తీర మండలాల్లో రెవెన్యూలో పనిచేసి రిటైరైన వాడిని, తుపాను డ్యూటీలు చాలా చేశాను, 2014లో హుద్‌హుద్ వచ్చిన రోజు విశాఖలోనే ఉన్నాను. ఆ అనుభవంతో, చదువుకున్న దానితో చెబుతున్నాను.

ముందు ఆ యాప్‌ల సంగతి. వాటిలో కనపడే ఒక్కో గీత ఒక్కో కంప్యూటర్ నమూనా వేసిన లెక్క, యూరప్ వాళ్ళదొకటి, అమెరికా వాళ్ళదొకటి. పూట పూటకీ మారుతుంటాయి. ఆ గీత కొన పట్టుకుని "మా ఊరికి నూరు కిలోమీటర్ల అవతల" అని ఊపిరి పీల్చుకోవడం చాలా ప్రమాదం. మన వాతావరణ శాఖ బులెటిన్‌లో మ్యాపు ఉంటుంది చూడండి, గీతకి రెండు వైపులా గరాటులా వెడల్పయ్యే మచ్చ ఉంటుంది. కేంద్రం ఆ మచ్చలో ఎక్కడికైనా రావచ్చని దాని అర్థం. 24 గంటల ముందు చెప్పిన చోటుకి కూడా డెబ్భై ఎనభై కిలోమీటర్ల తేడా రావడం మామూలే. మూడు రోజుల ముందైతే ఆ తేడా ఇంకా పెద్దది. ఒంగోలు, మచిలీపట్నం, కాకినాడ మూడూ ఆ మచ్చలో ఉన్నాయంటే ఇవాళ్టికి ఎవరూ తప్పు చెప్పడం లేదు, అంతకన్నా కచ్చితంగా చెప్పడం ఈ రోజు ఎవరి వల్లా కాదు. పైగా ఆ మచ్చ చెప్పేది కేంద్రం గురించే, గాలి, వాన, నీళ్ళు దానికి బయట కూడా చాలా దూరం ఉంటాయి.

ఇప్పుడు మీ ఊరికి ప్రాణం లాంటి విషయం. మన తీరంలో అందరూ "ఎక్కడ దాటుతుంది" అని అడుగుతారు, దాటే చోటికి తమ ఊరు ఏ పక్కన ఉందో అడిగేవాళ్ళు తక్కువ. బంగాళాఖాతంలో తుపాను గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. అది పడమరకో వాయవ్యానికో వస్తుంటే, వచ్చే దిక్కుకి కుడి పక్కన, అంటే మన తీరంలో దాటే చోటికి ఉత్తరాన, గాలి సముద్రం మీద నుంచి నేల మీదకి కొడుతుంది. ఎడమ పక్కన, అంటే దక్షిణాన, గాలి నేల మీద నుంచి సముద్రంలోకి పోతుంది. కుడి పక్కన నీళ్ళు ఊళ్ళ మీదకి వస్తాయి, ఎడమ పక్కన ఒక్కోసారి సముద్రం వెనక్కి తగ్గుతుంది కూడా. కాబట్టి తుపాను కాకినాడ దగ్గర దాటితే మీ వాళ్ళకి వాన, గాలి ఉంటాయి కానీ ఉప్పెన భయం చాలా తక్కువ. ఒంగోలు దగ్గరో చీరాల దగ్గరో దాటితే మీ వాళ్ళుండే దివిసీమ సరిగ్గా కుడి పక్కన పడుతుంది. ఒంగోలు మీకు దూరం కదా అని దాన్ని మంచి వార్తగా తీసుకున్నట్టున్నారు. మీకు అన్నిటికన్నా చెడ్డ వార్త అదే.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 1977 నవంబరు 19, శనివారం. ఆ తుపాను తీరం దాటింది చీరాల ప్రాంతంలో. చచ్చిపోయింది మాత్రం ఎక్కువగా దివిసీమ జనం. ఐదు మీటర్లకు పైగా ఎత్తున నీళ్ళు లేచి, పది పదిహేను కిలోమీటర్లు లోపలికి వచ్చాయి. సొర్లగొంది లాంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, ప్రభుత్వ లెక్కల్లోనే పది వేల మంది దాకా పోయారు, బయట చెప్పుకునే లెక్క అంతకన్నా ఎక్కువ. దానికి వారం ముందే ఇంకో తుపాను తమిళనాడులో నాగపట్నం దగ్గర దాటిపోయింది, ఇక్కడివాళ్ళు గండం గడిచిందనే అనుకుని ఉంటారు. మీ నాన్నగారి వయసు చూస్తే ఆయనకి ఇవన్నీ నాకన్నా బాగా తెలిసి ఉండాలి. కానీ చూసినవాళ్ళలో కూడా రెండు రకాలున్నారు. కొందరు మబ్బు పడితేనే సంచి సర్దుకుంటారు, కొందరు "అంతటిదే చూశాం, ఇదెంత" అంటారు. రెండో రకం వాళ్ళని కదిలించడానికే మా డ్యూటీల్లో సగం సమయం పోయేది.

గాలి వేగం ఒక్కటే చూసి తుపానుని కొలవొద్దని కూడా చెప్పాలి. హుద్‌హుద్ విశాఖ మీద దాటినప్పుడు గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా ఉంది. ఊరంతా చిందరవందర అయింది, కొండల మీద ఒక్క ఆకు మిగల్లేదు, పచ్చగా ఉండే కైలాసగిరి వైపు చూస్తే కాలిపోయిన అడవిలా గోధుమ రంగులో ఉండేది. కానీ ఉప్పెన మీటరున్నర లోపే. కారణం విశాఖ దగ్గర సముద్రం ఒడ్డు నుంచే త్వరగా లోతవుతుంది, గాలి నెట్టిన నీళ్ళు కింద నుంచి వెనక్కి పోవడానికి చోటుంటుంది, పైగా ఊరు ఎత్తు మీద ఉంది. మీ దగ్గర అలా కాదు. నిజాంపట్నం నుంచి మచిలీపట్నం దాకా సముద్రం చాలా దూరం లోతు తక్కువ, తీరం లోపలికి వంగి ఉంటుంది, నేలేమో పళ్ళెంలా చదును. నెట్టిన నీళ్ళకి పోయే దారి లేక పైకే లేస్తాయి, లేచాక ఆపడానికి కరకట్ట తప్ప ఏమీ ఉండదు. తుపాను మధ్యలో పీడనం తగ్గడం వల్ల సముద్రం ఉబ్బేది చాలా కొంచెం, ఒక మిల్లీబారుకి సెంటీమీటరు లెక్క, ఎంత పెద్ద తుపానుకైనా మహా అయితే ఒక మీటరు. మిగతాదంతా గాలి తోసిన నీళ్ళే. అందుకే అదే గాలి విశాఖలో చెట్లు కూలుస్తుంది, దివిసీమలో ఊళ్ళు ముంచుతుంది. 1864 నవంబరులో బందరుని, అంటే మచిలీపట్నాన్ని, ముంచిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని రికార్డు. అదీ ఈ తీరమే.

బులెటిన్‌లో ఉప్పెన గురించి ఒక వాక్యం ఉంటుంది, టీవీలో దాన్ని దాదాపుగా చదవరు. "మామూలు పోటు కంటే ఇన్ని మీటర్లు ఎత్తున సముద్రపు నీరు ఫలానా జిల్లాల లోతట్టు ప్రాంతాలను ముంచెత్తే అవకాశం" అని. హైదరాబాద్‌లోనే ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ లెక్క కట్టి ఇస్తుంది దాన్ని. అందులో "మామూలు పోటు కంటే" అన్నది ముఖ్యం. నీళ్ళు పాటు మీద, అంటే సముద్రం తగ్గి ఉన్నప్పుడు తుపాను దాటితే ఒక లెక్క, నిండు పోటు మీద, అంటే సముద్రం పెరిగి ఉన్నప్పుడు దాటితే ఇంకో లెక్క. మన తీరంలో పోటుకీ పాటుకీ మధ్య మీటరు దాకా తేడా ఉంటుంది, అమావాస్య పౌర్ణముల దగ్గర ఇంకా ఎక్కువ. ఆ పైన అలల ఎత్తు వేరు, అది ఆ అంకెలో కలవదు. కాబట్టి "ఒక మీటరు ఉప్పెన" అని వింటే మోకాలి లోతు నీళ్ళు అనుకోవద్దు. తీరం దాటే గంట ఏది, ఆ గంటకి పోటా పాటా, తిథి ఏమిటి అని చూసుకోండి. పడవలవాళ్ళని అడిగితే పోటు వేళ క్షణంలో చెబుతారు.

వేగాల అంకెల్లో ఇంకో తికమక ఉంది. అమెరికా నౌకాదళం వాళ్ళ అంచనా మన శాఖ చెప్పే దానికన్నా మామూలుగా కాస్త ఎక్కువ ఉంటుంది, దాన్ని పట్టుకుని యూట్యూబ్‌లో "ప్రభుత్వం దాస్తోంది" అని వీడియోలు పెడతారు. దాచేదేం లేదు. వాళ్ళు ఒక నిమిషం సగటు తీస్తారు, మనవాళ్ళు మూడు నిమిషాల సగటు. తక్కువ సేపటి సగటు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. అట్లాంటిక్‌లోలా తుపాను లోపలికి విమానం పంపి కొలిచే ఏర్పాటు మనకి లేదు, ఉపగ్రహం చిత్రంలో మేఘాల తీరు చూసి, దగ్గరకొచ్చాక మచిలీపట్నం, విశాఖ, చెన్నై రాడార్లలో చూసి అంచనా వేస్తారు. అంచనా కాబట్టి చివరి రోజు ఒక మెట్టు పైకో కిందకో మారడం సహజం. గంటకి 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్రం, 222 దాటితే సూపర్ సైక్లోన్. మీ పెంకుటింటికి 89 చాలు, పెంకులు లేవడానికి.

పోర్టుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు ఓడల కోసం, ఊళ్ళ కోసం కాదు. నంబరు పెరిగితే ప్రమాదం పెరిగిందని అందరూ అనుకుంటారు, చిన్న నంబర్లకి అది కొంతవరకు నిజమే. కానీ 8, 9, 10 మూడూ మహా ప్రమాదమే, తేడా పక్కలో ఉంది. తుపాను పోయే దారికి పోర్టు ఎడమన ఉంటే 8, కుడిన ఉంటే 9, దాని మీదుగానో మరీ దగ్గరగానో పోతే 10. 11 అంటే సమాచార సంబంధాలు తెగిపోయాయని. మచిలీపట్నానికో నిజాంపట్నానికో 9 వేశారని విన్నారంటే, పైన కుడి పక్కన అని నేను చెప్పిందే వాళ్ళు ఒక్క అంకెలో చెప్పారన్నమాట.

ఇక నాన్నగారి మాట. "రెండుసార్లు పోయాం, ఏమీ రాలేదు." ఆయన కోపం న్యాయమైనదే. బడి గదిలో యాభై అరవై మంది మధ్య, మరుగుదొడ్డికి వరసలో నిలబడి, వేళకి పులిహోర పొట్లం కోసం చూస్తూ రెండు రాత్రులు గడపడం పెద్దవాళ్ళకి చిన్న విషయం కాదు. కానీ 2013 గుర్తు చేయండి. ఆ అక్టోబరులో ఫైలిన్ ఒక్క రోజులో మామూలు తుపాను నుంచి అతి తీవ్ర స్థాయికి పోయి గోపాల్‌పూర్ దగ్గర దాటింది. అదే సంవత్సరం నవంబరులో లెహర్ అండమాన్ దాటి అతి తీవ్ర తుపానుగా నేరుగా మచిలీపట్నం వైపు వచ్చింది, జనాన్ని తరలించారు, తీరా అది సముద్రం మీదే పొడిగాలి లాగేసుకుని చచ్చుబడి, వాయుగుండంగా దాటింది. రెండిటికీ మధ్య ఏడు వారాలు కూడా లేవు, అదే బంగాళాఖాతం. తీరానికి రెండు రోజుల దూరంలో ఉండగా ఇది ఫైలిన్ అవుతుందా లెహర్ అవుతుందా అని పందెం కాసే ధైర్యం ఏ ఆఫీసరుకీ ఉండదు, ఉండకూడదు. ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్‌కి పది వేల మంది దాకా పోయారు. ఫైలిన్‌కి పది లక్షల మంది దాకా తరలించారు, పోయినవాళ్ళు యాభై లోపే. ఆ పది లక్షల్లో చాలామంది ఇళ్ళు తరలించకపోయినా నిలబడేవే. ఏ ఇళ్ళు నిలబడతాయో ముందే తెలియదు కాబట్టే అందరినీ తరలించారు.

రేపు సాయంత్రం అని ఎందుకు గడువు పెట్టానంటే, తుపాను తీరం దాటే గంట ఒకటైతే దారులు మూసుకుపోయే గంట ఇంకొకటి, అది చాలా ముందే వస్తుంది. ఎదురుమొండి దీవుల వైపు బంధువులుంటే వాళ్ళకి ఇంకా ముందు, గాలి కాస్త ఊపందుకోగానే పంటు ఆపేస్తారు, ఆపాక ఏటి అవతలివాళ్ళు అవతలే. మీ వైపు రోడ్డు మీద రెండు చెట్లు పడితే చాలు, బస్సు ఉండదు, ఆటో రాదు, కరెంటు పోతే చీకట్లో పెద్దవాళ్ళని నడిపించలేం. తీరం దాటే వేళకి పన్నెండు గంటల ముందు నుంచే ఇవన్నీ మొదలవుతాయి. అందుకే తీరం దాటే వేళ నుంచి వెనక్కి లెక్క పెట్టి, దానికి ముందు దొరికే ఆఖరి పగలు ఏదో చూసుకోవాలి. అంతకుముందు రోజు పగలైతే ఇంకా నయం.

కదలని వాళ్ళు ఎందుకు కదలరో కూడా చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది. ఒక తుపానుకి తీరం పక్క పాలెంలో ఒక ముసలమ్మని జీపు ఎక్కించడానికి గంట పట్టింది. వీఆర్వో బతిమాలాడు, కానిస్టేబులు గద్దించాడు, ఆవిడ గుమ్మంలో కూర్చుని గుంజని పట్టుకుని వదల్లేదు. చివరికి తేలిందేమిటంటే ఆవిడ బాధ తన గురించి కాదు, పాకలో ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదె గురించి. మా కుర్రాడొకడు ఆ గేదెని కాలవ గట్టు మీద ఎత్తుగా ఉన్న చోటికి తోలుకెళ్ళి, పలుపు విప్పి వదిలేసి వచ్చాడు. ఆవిడ లేచి, బియ్యం డబ్బా అడుగున దాచిన పాస్‌బుక్కు, రేషన్ కార్డు తీసి కొంగున కట్టుకుని, తనంతట తనే జీపెక్కింది. మీ నాన్నగారిని కూడా వాదించి గెలవాలని చూడొద్దు. ఆయన మనసు దేని మీద ఉందో కనుక్కోండి, గొడ్లా, చెరువులో చేపలా, కుప్ప వేసిన ధాన్యమా, ఇంట్లో దొంగలు పడతారనా. దానికి ఒక ఏర్పాటు చెప్పండి. గొడ్లని మాత్రం కట్టేసి వెళ్ళొద్దని గట్టిగా చెప్పండి, విప్పేస్తే అవి ఈది గట్టెక్కుతాయి, కట్టేస్తే రాటకే చస్తాయి.

అప్పటికీ కదలకపోతే, కనీసం ఊళ్ళో తుపాను షెల్టరుకో రెండంతస్తుల స్లాబు ఇంటి పై అంతస్తుకో పగలే చేరుకోవాలి. పెంకుటింటి అటక మీద కాదు. ఫోన్లు చార్జింగ్ పెట్టి, రాత్రంతా మాట్లాడకుండా గంటకో మెసేజ్ చాలని చెప్పండి. మీ టెన్షన్ తీర్చుకోవడానికి పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తే బ్యాటరీ అయిపోయేది వాళ్ళదే. గాలి ఎటు నుంచి వస్తోందో అడగండి, ఆ ఒక్క సమాధానం మీకు యాప్ కన్నా ఎక్కువ చెబుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను కేంద్రం ఎడమ చేతి వైపు, కాస్త ముందుకి ఉంటుంది. ఈశాన్యం గాలి ఉత్తరానికి, వాయవ్యానికి తిరుగుతుంటే కేంద్రం వాళ్ళకి దక్షిణాన కాక ఉత్తరాన పోతోందని, కొంత నయమని. ఈశాన్యం నుంచి తూర్పుకి, ఆగ్నేయానికి తిరుగుతుంటే వాళ్ళు కుడి పక్కన ఉన్నారని, నీళ్ళ కోసం కాచుకోవాలని.

ఒకవేళ గాలి దిక్కు మారకుండా పెరిగి పెరిగి ఒక్కసారి ఆగిపోతే, అది కన్ను. హుద్‌హుద్ నాడు విశాఖలో అదే జరిగింది. పొద్దున్నుంచి కిటికీ సందుల్లోంచి నీళ్ళు అడ్డంగా చిమ్ముతుంటే గుడ్డలు కుక్కుతూ కూర్చున్నాం, మధ్యాహ్నానికి గాలి తెరిపిచ్చింది, వెలుతురు కూడా వచ్చింది. జనం అయిపోయిందనుకుని రోడ్ల మీదకి వచ్చారు, బండ్ల మీద పడ్డ కొమ్మలు తీస్తున్నారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి, నైరుతి నుంచి, మళ్ళీ అంత గాలీ మొదలైంది. పొద్దున వంగి నిలబడ్డ చెట్లు రెండో విడతలో కూలిపోయాయి. ఆగిందని తలుపు తీయొద్దని వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి, రేడియోలో తీరం దాటిందని చెప్పినా సరే. కేంద్రం నేల ఎక్కాక కూడా గంటల తరబడి గాలి ఉంటుంది.

కాకినాడ వైపే పోయినా వాన సంగతి వేరే. నెమ్మదిగా కదిలే తుపాను దాటే చోటికి దూరంగా కూడా ముంచుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ దాటింది బాపట్ల దగ్గర, మునిగింది మాత్రం అంతకుముందు రోజే చెన్నై. మీ దగ్గర డ్రెయిన్లు సముద్రంలోకే పోవాలి, సముద్రం ఎత్తుగా ఉన్నంతసేపూ ఆ నీళ్ళు వెనక్కే తంతాయి, కాబట్టి గాలి తగ్గిన రెండో రోజు కూడా ఇంటి చుట్టూ నీళ్ళు పెరగొచ్చు. తిరిగి వెళ్ళడానికి తొందరపడనివ్వకండి. వెళ్ళాక నీళ్ళలో తెగిపడ్డ తీగలు, ఎత్తు చోటు వెతుక్కుంటూ ఇంట్లో చేరిన పాములు, ఉప్పు కలిసిన బావి నీళ్ళు, ఈ మూడూ చూసుకోవాలి. పాముకాటుకి మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని పెట్టుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఈ రాత్రికే నాన్నగారికి ఫోన్ చేసి గొడ్ల సంగతి మాట్లాడండి. పొద్దున్నే అవనిగడ్డ నుంచి కారు మాట్లాడి పంపండి, మధ్యాహ్నం తర్వాత అయితే బండ్లు దొరకవు, దొరికినా రెట్టింపు అడుగుతారు. అమ్మగారి బీపీ, షుగర్ మాత్రలు రెండు వారాలకి సరిపడా, పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకాలు ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకోమనండి. చేతిలో నోట్లు ఉండాలి, కరెంటు పోయాక ఏటీఎం, ఫోన్‌పే రెండూ పనిచేయవు. కారు బయల్దేరిందో లేదో ఇక్కడ ఒక్క ముక్క రాయండి. కారు దొరక్కపోతే గ్రామ సచివాలయానికి ఫోన్ చేయండి, కాకపోతే జిల్లా కంట్రోల్ రూము 1077. పెద్దవాళ్ళు, నడవలేరు అని చెబితే వాహనం పంపుతారు, అడగడానికి మొహమాటపడొద్దు.